రెండు పొయ్యిలు, ఒక దస్తర్‌ఖాన్

శుక్రవారం జుమా నమాజు ముగించుకుని మగవాళ్లు ఇల్లు చేరేసరికి మా మేడ మీది వరండాలో దస్తర్‌ఖాన్ పరచి ఉంటుంది. దస్తర్‌ఖాన్ అంటే చూడముచ్చటైన వస్త్రమేదో అనుకోవద్దు. అమ్మీ పెళ్లినాటి ఎర్ర అంచు గుడ్డ ఎప్పుడో చివికిపోయింది. దాని స్థానంలో వన్‌టౌన్ కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర మూరల లెక్కన కొన్న పూల ప్లాస్టిక్ షీటు వచ్చింది. దాని చుట్టూ మేము పదమూడు మందిమి కూర్చుంటాం. కూర్చోవడమంటే అందరమూ కూర్చోవడమే, వండినవాళ్లతో సహా. ఈ చివరి మాట రాయడానికి మా ఇంటికి చాలా ఏళ్లు పట్టింది.

విజయవాడ భవానీపురంలో మాది రెండంతస్తుల పాత ఇల్లు. అబ్బా లారీ మెకానిక్కు. 1986లో ఈ స్థలం కొని కింది భాగం కట్టారు. మేడ తరువాత లేచింది. ఇప్పుడు పైన బడే భాయీ కుటుంబం, కింద ఛోటే భాయీ కుటుంబం ఉంటున్నాయి. అమ్మీ, చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి చేరిన ఫుప్ఫూ కింది వాటాలో ఉంటారు. ఈ వ్యాసం ఇంటిల్లిపాదీ తలో మాట చెప్పగా ఒకరు కాగితం మీద పెట్టినది. అందుకే ఇందులో ‘మేము’ అన్నచోటల్లా అర్థం మేమందరమనే. ఒకరి మాట మరొకరికి నచ్చని చోట్లు కూడా ఉన్నాయి, వాటినీ తీసివేయలేదు.

అబ్బా ఉన్న రోజుల్లో ఇంట్లో ఒకటే పొయ్యి. పొద్దున్నే పెద్ద డేక్సాలో అన్నం వండేవారు. అబ్బా రాత్రి ఇల్లు చేరేవరకు పిల్లలమెవ్వరమూ కంచం ముట్టేవాళ్లం కాదు. ఆ ఇల్లు మొదలైన సంవత్సరమే మన బాపట్ల పరిశోధనా కేంద్రం నుంచి బీపీటీ 5204 అనే వరి వంగడం విడుదలైంది. సాంబ మసూరి అని ఊరంతా పిలుచుకునే ఆ సన్నబియ్యమే మా ఇంటి అన్నం. కొత్త బియ్యం వస్తే ముద్ద కడుతుందని అమ్మీ వాటిని ఆరు నెలలు డ్రమ్ములో మాగబెట్టేవారు. కృష్ణా డెల్టాలో పుట్టిన ముస్లిం ఇంటి వంట అంటే ఇదే. బగారా అన్నం పక్కన దాల్చా ఉంటుంది, మరునాడు అదే పొయ్యి మీద రాగండి చేప పులుసు ఉడుకుతుంది, ఆ పక్కరోజు గోంగూర మాంసం. ఉర్దూ ఎక్కడ ఆగిందో తెలుగు ఎక్కడ మొదలైందో ఆ గిన్నెల్లో వెతకడం వృథా.

అయితే ఆ పాత రోజులను తలచుకున్నప్పుడల్లా ఒక విషయం దాటవేస్తుంటాం. అప్పట్లో కలిసి తిన్నది మగవాళ్లు, పిల్లలు మాత్రమే. అమ్మీ, ఫుప్ఫూ, తరువాత వచ్చిన ఇద్దరు భాభీలు వడ్డించేవారు. అందరూ లేచాక వంటింట్లో పీట మీద కూర్చుని, డేక్సా అడుగున మిగిలినదేదో, ముక్కలు అయిపోయిన పులుసుతో కలుపుకుని తినేవారు. ఎవరూ బలవంతపెట్టలేదు. ఎవరూ అడగనూ లేదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటిపనుల్లో చేయి వేసేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన సంగతి మేమంతా చిన్నప్పుడే మద్రసాలో విన్నాం. విన్నది వంటింటి గడప దాటడానికి మా ఇంట్లో ఒక వరద రావలసి వచ్చింది.

అబ్బా 2016లో అల్లాహ్ సన్నిధికి చేరారు. మరుసటి ఏడాదికే పొయ్యిలు వేరుపడ్డాయి. కారణం చెబితే నవ్వు వస్తుంది: మేడ మెట్లు ఎవరి వాటాలోకి వస్తాయన్నది. మెట్ల కింద ఒక గది, ఆ గదికి ఒక తలుపు, ఆ తలుపు ఎటు తెరవాలన్నది. మాట మీద మాట పెరిగింది. పైవాళ్లు గ్యాసు పొయ్యి పైకి మార్చుకున్నారు. ఏడేళ్లపాటు అన్నదమ్ములు సలాము చెప్పుకున్నారు, పండుగనాడు ఆలింగనం చేసుకున్నారు, షీర్ ఖుర్మా గిన్నెలు పిల్లల చేత అటూ ఇటూ పంపుకున్నారు. ఒకే దస్తర్‌ఖాన్ మీద మాత్రం కూర్చోలేదు. అమ్మీ మధ్యాహ్నం కింద, రాత్రి పైన తినేవారు. ఆ వయసులో మోకాళ్ల నొప్పితో మెట్లు ఎక్కుతూ దిగుతూ ఆవిడే మా ఇద్దరికీ మధ్య నడిచే సలాము.

వేరు వంట తప్పా అంటే కాదు. ఈ సంగతి స్పష్టంగా చెప్పుకోవాలి. ఎందుకంటే ఉమ్మడి కుటుంబమే ధర్మం, వేరు కాపురం పాపం అన్నట్టు మన పెద్దలు కొందరు మాట్లాడుతుంటారు. దివ్య ఖుర్ఆన్‌లో అన్‌నూర్ సూరా 61వ ఆయతు తండ్రి ఇల్లు, తల్లి ఇల్లు, అన్నదమ్ముల ఇల్లు, అక్కచెల్లెళ్ల ఇల్లు, పినతండ్రులు, మేనత్తలు, మేనమామలు, పినతల్లుల ఇళ్లు అని వరుసగా పేర్కొని, అక్కడ కలిసి తిన్నా విడివిడిగా తిన్నా దోషం లేదని చెబుతుంది. పొయ్యి వేరు కావడం కాదు, ఆ జాబితాలోని ఇళ్ల తలుపులు మూసుకోవడమే మాలో జరిగింది. పైగా ఛోటీ భాభీ ఇప్పటికీ అంటారు, వేరు పడ్డాకే తాను కూరలో కారం తనకు నచ్చినంత వేసుకోగలిగానని. అది నిజమే. కాదనడానికి మాకు నోరు లేదు.

2024 ఆగస్టు 31 శనివారం రోజంతా కుండపోతగా వాన కురిసింది. మా పేటకు ఒకపక్క కృష్ణ, మరోపక్క బుడమేరు. ఆదివారం తెల్లవారేసరికి బుడమేరు గట్లు తెగి సింగ్‌నగర్ నుంచి నీళ్ల వార్తలు మొదలయ్యాయి. మరునాడు, సెప్టెంబరు 2న, ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 1957లో ఆ బ్యారేజీ కట్టినప్పటి నుంచి అంత నీరు ఎన్నడూ రాలేదు. బ్యారేజీ ఎగువన ఏటి పక్కనే ఉన్న భవానీపురంలోని లోతట్టు వీధులు మునిగాయి. సింగ్‌నగర్‌లో ప్రజలు అనుభవించిన దానితో పోలిస్తే మా కష్టం లెక్కలోకి రాదు. అక్కడ రోజుల తరబడి డాబాల మీద నిలబడి, పడవల కోసం, డ్రోన్లు జారవిడిచే పొట్లాల కోసం చూశారు. మా కింది వాటాలో నడుము వరకు నీళ్లు, మూడు రోజులు కరెంటు లేకపోవడం, అంతే.

ఆదివారం ఉదయం మొదట అమ్మీని, ఫుప్ఫూని మెట్ల మీదుగా పైకి చేర్చాం. తరువాత ఖుర్ఆన్ ప్రతులు, ఇంటి కాగితాలు, పిల్లల పుస్తకాలు, ఆపై బియ్యం డ్రమ్ము, గ్యాసు బండ. డ్రమ్ములో సగం బియ్యం అప్పటికే తడిసిపోయాయి. ఏ మెట్ల కోసం ఏడేళ్లు మాట్లాడుకోలేదో ఆ మెట్ల మీద అన్నదమ్ములిద్దరూ గ్యాసు బండను చెరొకవైపు పట్టుకుని ఎక్కారు. ఆ సమయంలో ఎవరికీ ఆ సంగతి తట్టలేదు. తరువాత ఎప్పుడో మా పెద్దమ్మాయి గుర్తు చేసింది.

ఆ రోజు బడీ భాభీకి తీవ్రమైన జ్వరం. ఛోటీ భాభీ తడిసిన సామాను సర్దుతూ, చంటిదాన్ని చూసుకుంటూ ఉన్నారు. దాంతో వంట అన్నదమ్ముల చేతికి వచ్చింది. తడిసిన బియ్యం ముందుగా వాడేయాలి, కనుక ఖిచ్డీ. ఎర్రపప్పు, ఉల్లిపాయ, రెండు లవంగాలు, పసుపు. పక్కన చింతపండు ఖట్టా. మంచం మీద పడుకునే అమ్మీ ఆజ్ఞలు జారీ చేశారు. నీళ్లు ఎన్ని పోయాలో, ఉప్పు ఎప్పుడు వేయాలో ఇద్దరు మధ్యవయస్కులు చేతిలో గరిటె పట్టుకుని నిలబడి అడగడం చూసి ఫుప్ఫూకి నవ్వు ఆగలేదు. మొదటి ఖిచ్డీ అడుగంటింది.

మా పక్కింట్లో పదవీ విరమణ చేసిన పంతులమ్మగారు ఒంటరిగా ఉంటారు. వారిదీ ఒకే అంతస్తు ఇల్లు. వారినీ పైకి తీసుకువచ్చాం. వారు మాంసం తినరు. ఇంట్లో ఫ్రిజ్‌లో కరిగిపోతున్న మాంసం ఉన్నా, అది విడిగా వేరే గిన్నెలో వండి, వారి ఖిచ్డీకి కొత్త గరిటె, కొత్త గిన్నె కేటాయించాం. వారు వద్దన్నా అమ్మీ వినలేదు. నీరు తీశాక వారు తమ ఇంటికి వెళ్లి మొదటగా చేసిన పని ఆవకాయ జాడీ తెచ్చి ఇవ్వడం. వరదనీరు చొరబడకుండా అటక మీద పెట్టిన జాడీ అది. కూర వండితే నీరు కాస్త ఎక్కువ పోసి పొరుగువారిని గుర్తుంచుకొమ్మని ప్రవక్త (స) హజ్రత్ అబూజర్ (రజి)కి చేసిన బోధ మనకు తెలిసినదే. మా ఖట్టాలో ఆ రోజు నీరు నిజంగానే ఎక్కువైంది, అది మాత్రం పుణ్యకార్యమేమీ కాదు, వంట రాకపోవడం వల్ల.

వడ్డన దగ్గర చిక్కు వచ్చింది. ఎవరి కంచాలు వారికి తీయబోతుంటే, కడగడానికి నీళ్లు ఎక్కడివని అమ్మీ అడిగారు. డాబా మీద బకెట్లలో పట్టిన వాననీరు, రెండు మంచినీళ్ల డబ్బాలు, అంతే ఉన్నది. పెళ్లిళ్లకు వాడే పెద్ద సీనీలు మూడు అటక మీది నుంచి దించమన్నారు. ఒక్కో దాని చుట్టూ నలుగురైదుగురు. ఆడవాళ్లకు ఒకటి, పిల్లలకు ఒకటి, మగవాళ్లకు ఒకటి. బడే భాయీ, ఛోటే భాయీ, బడే భాయీ ఇద్దరు కొడుకులు ఒకే సీనీ చుట్టూ కూర్చున్నారు. వడ్డించేవాళ్లు, మిగిలినది తినేవాళ్లు అనే తేడా లేదు. ఎందుకంటే చీకటి పడకముందే అందరూ తినేయాలి, కొవ్వొత్తులు రెండే ఉన్నాయి. ఆ భోజనంలో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. పెద్ద సీనీలో తినేటప్పుడు తన ముందున్న వైపు నుంచే తినాలని, చేయి పళ్లెమంతా తిప్పరాదని ప్రవక్త (స) తన పెంపకంలో ఉన్న ఉమర్ బిన్ అబీ సలమా (రజి)కి చిన్నతనంలో నేర్పారు. ఆ మర్యాద ఇద్దరు అన్నదమ్ములూ అతి జాగ్రత్తగా పాటిస్తూ, మధ్యలో ఒక గీత ఉన్నట్టే తిన్నారు. చివర్లో ఆ గీత దగ్గర కొంచెం ఖిచ్డీ మిగిలిపోయింది. దాన్ని ఇటు నెట్టు అటు నెట్టు అయ్యాక, బడే భాయీ సగం చేసి తమ్ముడి వైపు జరిపారు. అంతకుమించి ఆ రోజు ఏమీ జరగలేదు.

నీరు దిగాక ఒండ్రు తోడటానికి వారం పట్టింది. కింది పొయ్యి పనికిరాకుండా పోయింది కనుక నెల రోజులు పైనే వంట. కింద కొత్త పొయ్యి పెట్టాక మళ్లీ రెండు పొయ్యిలే. అది మంచిదే. పదమూడు మందికి మూడు పూటలా ఒకచోట వండటం ఇద్దరు ఆడవాళ్ల నడుములు విరిచే పని. కానీ శుక్రవారం మధ్యాహ్నం ఒక్క పూట కలిసి వండుకుందామన్న మాట వచ్చింది. ఎవరు మొదట అన్నారన్న దాని మీద మాలో ఏకాభిప్రాయం లేదు. నలుగురు తామే అన్నామంటున్నారు.

వంతులు వేసుకున్నాం. ఒక శుక్రవారం పై వాటా, మరో శుక్రవారం కింది వాటా. వంతు వచ్చిన ఇంటి మగవాళ్లు పొద్దున ఇస్లాంపేట వైపు వెళ్లి మాంసం తేవాలి, ఉల్లిపాయలు కోయాలి, బరువైన గిన్నెలు దించాలి. వంతు లేని ఇంటివారు గిన్నెలు తోమాలి. ఖర్చుకు ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉంది, ఎవరికి వీలైనంత వారు అందులో వేస్తారు, లెక్క రాయరు. లెక్క రాస్తే మళ్లీ మెట్ల దగ్గరికి వెళతామని మాకు తెలుసు.

కష్టాలు లేకపోలేదు. బడే భాయీ పెద్దకొడుకు గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్‌లో గుమాస్తా. శుక్రవారం లోడు వస్తే నమాజుకు రావడమే గగనం, భోజనానికి మూడు దాటుతుంది. అతని కోసం ఆగాలా వద్దా అని ప్రతిసారీ చర్చ. ఆగమనే అమ్మీ తీర్పు, ఆకలితో చంటిపిల్లలు ఏడుస్తారని కోడళ్ల తీర్పు. ఇప్పుడు పిల్లలకు ముందు పెట్టి, పెద్దలం ఆగుతున్నాం. ఇంటర్ చదివే అమ్మాయి ఫోను దస్తర్‌ఖాన్ కిందే దాచుకుంటుంది. రెండు మూడు శుక్రవారాలు అసలు కుదరనే లేదు. ఒకసారి దాల్చాలో ఉప్పు విషయమై కోడళ్ల మధ్య వచ్చిన మాట రెండు వారాలు నడిచింది. కలిసి తింటే ప్రేమ దానంతటదే పెరుగుతుందని పత్రికల్లో చదువుతుంటాం. మా అనుభవంలో కలిసి తింటే మొదట పెరిగేది పని. ఆ పని పంచుకుంటే తక్కినవి తరువాత వస్తాయి, రాకపోనూవచ్చు.

దాల్చా మాట వచ్చింది కనుక అమ్మీ పద్ధతి చెప్పకుండా ముందుకు పోలేము. శనగపప్పు, కాస్త కందిపప్పు విడిగా ఉడికించి మెత్తగా మెదపాలి. ఎముకలున్న మాంసాన్ని అల్లం వెల్లుల్లి, ధనియాల పొడితో వేయించి, నీళ్లు పోసి పూర్తిగా మగ్గనివ్వాలి. సొరకాయ ముక్కలు పెద్దవిగా కోయాలి, చిన్నవైతే పప్పులో కరిగిపోతాయి. చింతపండు పులుసు చివరనే పోయాలి. ముందే పోస్తే ముక్క ఉడకదు. బడే భాయీ మొదటిసారి ముందే పోశారు, రెండున్నర గంటలు పొయ్యి దగ్గర నిలబడ్డారు. కరివేపాకు, ఎండుమిర్చి తాలింపు పడ్డాక మూత తీయకూడదు. ఇదంతా అమ్మీ తన అత్తగారి దగ్గర నేర్చుకున్నారు, ఎక్కడా రాసి లేదు. డెబ్భై ఆరేళ్ల ఆవిడ చెబుతుంటే మా చిన్నోడు తెలుగులో నోటుపుస్తకంలో రాసుకుంటున్నాడు. కొలతలు మాత్రం రాయలేకపోతున్నాడు, ఎందుకంటే ఆవిడ కొలత ‘చూస్తే తెలుస్తుంది’ అన్నదే.

రమజాన్‌లో ఈ శుక్రవారం ఏర్పాటు ఇఫ్తార్‌గా మారింది. మన కోస్తా ఊళ్లలో మసీదులో కాచే గంజి సంగతి పాఠకులకు చెప్పనక్కరలేదు. అసర్ నమాజు తరువాత క్యారేజీలతో పిల్లల వరుస, ఇంటికి వచ్చాక వేడి గంజి గిన్నెల్లో పంచుకోవడం. ఆ గంజి పక్కింటి పంతులమ్మగారికి కూడా ఇష్టం. అయితే మాంసం పడుతుంది కనుక వారి కోసం పెసరపప్పుతో విడిగా కాస్తాం.

గత శీతాకాలంలో మా దస్తర్‌ఖాన్ మీదికి చాలా దూరపు బియ్యం వచ్చాయి. అమెరికాలోని మిన్నెసోటాలో ఉద్యోగం చేస్తున్న మా మేనకోడలు, ఊరికి వస్తున్నవారి చేత అరకిలో కన్నా తక్కువ పొట్లం ఒకటి పంపింది. నల్లగా, సూదుల్లా పొడవుగా ఉన్న గింజలు. అక్కడి ఆదివాసులైన ఓజిబ్వే ప్రజల దగ్గర కొన్నదట. ఓజిబ్వేలు, మరికొన్ని సోదర తెగలు కలిసి తమను తాము అనిషినాబే అని పిలుచుకుంటారు. అమెరికా, కెనడాల మధ్యనున్న మహా సరస్సుల చుట్టూ వారి నివాసం. ఆ గింజను మనోమిన్ అంటారు. నీళ్ల మీద ధాన్యం పెరిగే చోటు దొరికేవరకు పడమరకు నడవండన్న ఆదేశంతో తమ పూర్వులు సముద్రతీరం నుంచి వలస వచ్చారని వారి కథ. మన వరికి దూరపు చుట్టం ఈ మొక్క. సరస్సుల లోతు తక్కువ అంచుల్లో దానంతటదే పెరుగుతుంది.

కోత కూడా కుటుంబం పనే. ఆగస్టు చివర, సెప్టెంబరులో ఇద్దరిద్దరు ఒక చిన్న పడవలో వెళతారు. ఒకరు గడతో పడవ నడిపితే, మరొకరు రెండు కర్రలతో కంకులను వంచి తట్టి గింజలు పడవలో రాలుస్తారు. రాలకుండా మిగిలినవి నీటిలో పడి మరుసటి ఏటి విత్తనమవుతాయి. ఒడ్డున ఎండబెట్టి, పెద్ద మూకుళ్లలో వేయించి, మెత్తని తోలు చెప్పులతో తొక్కి పొట్టు వదలగొట్టి, చేటలతో చెరుగుతారు. ముసలివాళ్ల నుంచి పిల్లల వరకు అందరికీ పని ఉంటుంది. వేట మాంసంతోనో చేపతోనో, ఒక్కోసారి అడవి పండ్లతో, మేపుల్ చెట్టు పాకంతోనో వండుకుని కలిసి తింటారు. భూములు పోయినా, ఆ ధాన్యం సేకరించుకునే హక్కును 1837 నాటి ఒప్పందంలో వారు రాయించుకున్నారు. ఆ ఒప్పందం కింద తమ హక్కులు ఇంకా మిగిలే ఉన్నాయని 1999లో అమెరికా సుప్రీంకోర్టు చేత ఒప్పించుకున్నారు.

పోగొట్టుకున్నది మరొకటి ఉంది. అమెరికా, కెనడా ప్రభుత్వాలు తరాలపాటు ఆదివాసీ పిల్లలను ఇళ్ల నుంచి తీసుకుపోయి దూరపు వసతి పాఠశాలల్లో ఉంచాయి. కెనడాలోనే అలా వెళ్లిన పిల్లలు సుమారు లక్షా యాభై వేలు. అక్కడ తల్లి భాష మాట్లాడితే శిక్ష. వంటింట్లో అమ్మ పక్కన నిలబడి నేర్చుకునే వయసంతా భోజనశాలల బల్లల దగ్గర గడిచిపోయింది. 2008లో కెనడా ప్రధాని, 2024 అక్టోబరులో అమెరికా అధ్యక్షుడు ఇందుకు క్షమాపణ చెప్పారు. ఇప్పుడు అనిషినాబే కుటుంబాలు పిల్లలను మళ్లీ పడవల్లో ఎక్కించి, మూకుళ్ల దగ్గర నిలబెట్టి, ఆ పని ఆ భాషలోనే నేర్పుతున్నాయి. మేనకోడలు ఫోనులో ఈ సంగతులు చెబుతుంటే అమ్మీ చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, మా చిన్నోడి నోటుపుస్తకం తెచ్చి చూపించమన్నారు. చదవడం రాదు ఆవిడకు. పేజీలు ఎన్ని నిండాయో లెక్క పెట్టించారు.

మనోమిన్ వండటం కింది వాటా వంతులో పడింది. మన బియ్యంలా ఇరవై నిమిషాల్లో ఉడకదు. ముప్పావు గంట మరిగాక గింజ పగిలి, లోపలి తెల్లదనం బయటపడి, చివరలు వంకర తిరుగుతాయి. ఛోటీ భాభీ యఖ్నీలో వేసి పులావులా చేశారు. పదమూడు మందికి తలా రెండు ముద్దలు వచ్చింది. కాల్చిన పల్లీల వాసన ఉందని ఒకరు, అడవి వాసన ఉందని మరొకరు. పంతులమ్మగారికి విడిగా నీళ్లలో ఉడికించి బెల్లంతో ఇచ్చాం, వారికి బాగా నచ్చింది. బడే భాయీ మాత్రం రెండో ముద్ద వదిలేసి బగారా అన్నం పెట్టించుకున్నారు. అమ్మీ నమిలి నమిలి, బియ్యం కాదు ఇది, కానీ గౌరవంగా తినవలసిన గింజ అన్నారు. పొట్లంలో సగం మిగిలి ఉంది. మేనకోడలు వచ్చినప్పుడు వండాలని స్టీలు డబ్బాలో పోసి అటక మీద, పెళ్లి సీనీల పక్కన పెట్టాం.

మెట్ల వ్యవహారం తేలలేదు. కాగితాల్లో అది ఇంకా ఉమ్మడిగానే ఉంది. మెట్ల కింది గది తలుపు ఇప్పుడు ఎవరి వైపు తెరుచుకుంటుందంటే, వరదలో చెక్క ఉబ్బి ఊడిపోయాక తలుపే లేదు. అక్కడ ఇద్దరి ఉల్లిపాయల బుట్టలు, శుక్రవారపు పెద్ద డేక్సా ఉంటున్నాయి. కొత్త తలుపు పెట్టించాలని బడీ భాభీ అప్పుడప్పుడు గుర్తు చేస్తారు, వడ్రంగిని ఎవరూ పిలవలేదు.

వచ్చే శుక్రవారం పై వాటా వంతు. బడే భాయీ గోంగూర మాంసం చేస్తానన్నారు. ఆకు ఒలిచే పని పిల్లలది, గురువారం రాత్రే అయిపోవాలి. పులుపు ఎంత పడాలో తనకు తెలుసని ఆయన అంటున్నారు. అమ్మీ మాత్రం తాను రుచి చూశాకే గిన్నె దించాలని కబురు పంపారు.